క్రూజ్‌లో స్పా పాస్ కొనాలా వద్దా? 4 పాస్‌లు కొట్టే ముందు ఇది చూడండి

 

ఈ రోజు టాపిక్ వినగానే మీలో సగం మంది "ఇది మనకెందుకు అన్నా" అంటారు, నాకు తెలుసు. కానీ డల్లాస్ నుంచి మన వ్యూయర్ ఒకరు మెసేజ్ పెట్టారు. మెసేజ్ చదివాక దీని మీద ఒక వీడియో చేయాల్సిందే అనిపించింది. తనకి పెళ్లయింది, 3 ఏళ్ల పాప ఉంది. అమ్మానాన్న మొదటిసారి అమెరికా వచ్చారు. అందరూ కలిసి గాల్వెస్టన్ నుంచి కార్నివాల్ జూబిలీ షిప్‌లో 7 రాత్రుల క్రూజ్‌కి వెళ్తున్నారు. ఆయన రాసింది ఏంటంటే, "అన్నా, మా అమ్మ 25 ఏళ్లు కుట్టు మిషన్ తొక్కింది. మోకాళ్లు పోయాయి. స్పా పాస్ అని ఒకటి ఉందట. 4 పాస్‌లు తీసేసుకుందాం అనుకుంటున్నా. వర్తేనా?"

ఒక్కో పాస్ వారానికి 200 డాలర్లు అనుకోండి. షిప్‌ని బట్టి, సీజన్‌ని బట్టి రేటు మారుతూ ఉంటుంది, మీ బుకింగ్‌లో లాగిన్ అయితేనే మీ రేటు కనిపిస్తుంది. లెక్క కోసం 200 అనుకుందాం. 4 అంటే 800 డాలర్లు. మన రూపాయల్లో 70 వేల దగ్గర దగ్గర. అందుకని కొంచెం ఓపిగ్గా వినండి.

ముందు ఒక కన్ఫ్యూజన్ తీసేద్దాం. స్పా పాస్ అంటే మసాజ్ కాదు. మసాజ్‌కి వేరే డబ్బులు. పాస్ అనేది థర్మల్ సూట్ అనే ఒక ఏరియాలోకి ఎంట్రీ టికెట్, అంతే. లోపల ఏముంటాయంటే, వేడి చేసిన రాతి పడక కుర్చీలు ఉంటాయి, వాటి మీద పడుకుంటే వీపు కింద గోరువెచ్చగా ఉంటుంది. స్టీమ్ రూమ్ ఉంటుంది. సానా ఉంటుంది. థలాసోథెరపీ పూల్ అని ఒకటి ఉంటుంది, పేరు పెద్దది కానీ విషయం సింపుల్, గట్టి జెట్స్ ఉన్న వేడి నీళ్ల తొట్టి. కొన్ని షిప్‌లలో ఉప్పు గది, మంచు గది కూడా ఉంటాయి.

సానాకి, స్టీమ్ రూమ్‌కి తేడా చాలామందికి తెలీదు. సానా అంటే పొడి వేడి, 80, 90 డిగ్రీల దాకా వెళ్తుంది. స్టీమ్ రూమ్ 45 డిగ్రీల దగ్గరే ఉంటుంది కానీ గాలంతా ఆవిరే. అందుకే తక్కువ డిగ్రీల్లో కూడా ఉక్కిరిబిక్కిరిగా అనిపిస్తుంది. మే నెలలో విజయవాడ బస్టాండ్‌లో నిలబడిన వాళ్లకి నేను ఎక్స్‌ప్లెయిన్ చేయక్కర్లేదు, ఫ్రీగానే చూశారు.

ఇంకో మాట. ఇవన్నీ చేస్తే "టాక్సిన్స్ పోతాయి" అని అక్కడ చెప్తారు. చెమటలో పోయేది చాలావరకు నీళ్లు, ఉప్పు. ఒంట్లో క్లీనింగ్ డ్యూటీ లివర్‌ది, కిడ్నీలది, వాటికి స్పా పాస్ అవసరం లేదు. హాయిగా ఉంటుంది, కండరాలు వదులవుతాయి, కాసేపు నొప్పి తగ్గినట్టు ఉంటుంది. దానికి డబ్బులు పెట్టొచ్చు, తప్పేం లేదు. వైద్యం అనుకుని మాత్రం పెట్టకండి.

ఇప్పుడు లెక్కకి వద్దాం. నా పాత ఉద్యోగం అలవాటు, ఏది చూసినా యూసేజ్ ఎంత అని అడుగుతా.

7 రాత్రుల క్రూజ్‌లో, గాల్వెస్టన్ నుంచి వెళ్లే ఈ రూట్‌లో సాధారణంగా 3 సీ డేస్, 3 పోర్ట్ డేస్ ఉంటాయి. కోజుమెల్, కోస్టా మాయా, రోటాన్ లాంటి పోర్ట్‌లు. సీ డే అంటే రోజంతా షిప్ నీళ్ల మీదే ఉంటుంది, ఎక్కడా ఆగదు. పాస్ వాడేది ఎక్కువగా ఆ 3 రోజులే. మరి ఆ 3 రోజులూ ఇంకెవరు వాడతారు? పాస్ కొన్న ప్రతి ఒక్కరూ! ఆ షిప్‌లో 5 వేల మందికి పైగా ఉంటారు. పాస్‌లు లిమిటెడ్‌గానే అమ్ముతారు, నిజమే, కానీ వేడి కుర్చీలు ఇంకా లిమిటెడ్. సీ డే మధ్యాహ్నం వెళ్తే కుర్చీ మీద మనిషి ఉండడు, టవల్ ఉంటుంది. మన పల్లెటూరి బస్సులో కిటికీలోంచి కర్చీఫ్ వేసి సీటు ఆపుకోవడం మనం ఒక్కళ్లమే చేస్తాం అనుకుంటాం గానీ, అది ఇంటర్నేషనల్ పద్ధతి అండి.

సో ఒక మనిషి వారంలో నిజంగా ఎన్నిసార్లు వెళ్తారు? పొద్దున బ్రేక్‌ఫాస్ట్ బఫే, తర్వాత పాప వాటర్ స్లైడ్స్, మధ్యాహ్నం నిద్ర, సాయంత్రం షో, ఒక రోజు ఫార్మల్ డిన్నర్‌కి రెడీ అవ్వడం. ఇవన్నీ పోగా 5 సార్లు వెళ్తే గొప్ప. 200ని 5తో భాగిస్తే విజిట్‌కి 40 డాలర్లు. 10 సార్లు వెళ్లే మనిషి అయితే 20. ఒంటరిగా వెళ్లేవాళ్లు, పిల్లల్లేని జంటలు, పోర్ట్‌లో దిగడం మీద ఇంట్రెస్ట్ లేనివాళ్లు, ఆల్రెడీ జిమ్‌లో సానాకి రోజూ వెళ్లే అలవాటు ఉన్నవాళ్లు, వీళ్లకి వారం పాస్ మంచి డీలే. కళ్లు మూసుకుని తీసుకోవచ్చు. "అక్కడికెళ్లాక అలవాటు చేసుకుంటా" అనేవాళ్లకి జనవరిలో జిమ్ మెంబర్‌షిప్ తీసుకున్న సంగతి గుర్తు చేస్తున్నా.

ఇంకో ప్రమాదం కూడా ఉంది. డబ్బులు కట్టేశాం కదా అని రోజూ వెళ్లడం. షో మానేసి, డెక్ మీద సూర్యాస్తమయం మానేసి, "200 డాలర్లు పెట్టాం పదండి పదండి" అని ఇంట్లోవాళ్లని తోలుకెళ్లడం. మన ఇళ్లల్లో ఇది జరుగుతుంది, మీకూ తెలుసు.

సరే, ఇప్పుడు మన డల్లాస్ బ్రో కేసుకి వద్దాం. ఇక్కడే అసలు మేటర్ ఉంది.

బ్రో, మొదటి విషయం పాప. థర్మల్ సూట్‌లోకి 18 ఏళ్లు నిండినవాళ్లకే ఎంట్రీ. మీరు 4 పాస్‌లు కొంటే నలుగురూ ఒకేసారి వెళ్లలేరు. ఎవరో ఒకరు పాపతో ఉండాలి. ఆ ఒకరు ఎవరవుతారో నేను చెప్పనా? "మీరు వెళ్లి రండి నాన్నా, మేం చూసుకుంటాం" అని అమ్మే అంటుంది. అంటే అమ్మ కోసం కొన్న పాస్‌తో మీరు లోపల పడుకుంటారు, అమ్మ కేబిన్‌లో పాపకి అన్నం తినిపిస్తూ ఉంటుంది. కార్నివాల్‌లో క్యాంప్ ఓషన్ అని పిల్లల క్లబ్ ఉంది, 2 ఏళ్ల నుంచి తీసుకుంటారు, పగటిపూట ఫ్రీ. ముందు పాప అక్కడ ఏడవకుండా ఉంటుందో లేదో మొదటి రోజే చూడండి. పాప ఉండకపోతే 4 పాస్‌ల లెక్క అక్కడే క్లోజ్.

రెండోది, అమ్మని అడిగారా? లోపల ఆడా మగా కలిసే ఉంటారు. పూల్‌లోకి స్విమ్‌సూట్ వేసుకోవాలి. మన అమ్మల్లో కొందరు "ఏముంది లే" అని వెళ్లిపోతారు, కొందరు డోర్ దగ్గరే ఆగిపోతారు. మీ అమ్మ ఏ టైపో మీకే తెలియాలి. మోకాళ్ల దాకా వచ్చే ఫుల్ స్లీవ్ స్విమ్ డ్రెస్‌లు దొరుకుతాయి, ముందే కొని, ఇంట్లో ఒకసారి వేసుకుని చూడమనండి. సర్‌ప్రైజ్ గిఫ్ట్ అని షిప్‌లో చేతిలో పెడితే మాత్రం మీకు సర్‌ప్రైజ్ అవుతుంది.

మూడోది నాన్నగారు. మెసేజ్‌లో కింద చిన్నగా రాశారు, "నాన్నకి బీపీ, షుగర్ ఉన్నాయి, పర్లేదు కదా" అని. అది కింద చిన్నగా రాసే విషయం కాదు బ్రో. వేడికి రక్తనాళాలు వదులై బీపీ పడిపోతుంది. బీపీ మాత్రలు వేసుకునేవాళ్లు వేడి తొట్టిలోంచి ఒక్కసారిగా లేస్తే కళ్లు తిరిగి పడే ఛాన్స్ ఉంది, పైగా తడి ఫ్లోర్, కదిలే షిప్. షుగర్ చాలా ఏళ్లుగా ఉన్నవాళ్లకి పాదాల్లో స్పర్శ తగ్గి ఉండొచ్చు, రాయి ఎంత వేడిగా ఉందో వాళ్లకి తెలీదు. బయలుదేరే ముందే ఆయన డాక్టర్‌కి ఇండియాకి ఒక వీడియో కాల్ చేయండి. డాక్టర్ ఓకే అన్నా, సానాలో 10 నిమిషాలు మించొద్దు, నీళ్లు తాగాలి, పక్కన మీరు ఉండాలి. డ్రింక్ ప్యాకేజ్ వాడి ఆ తర్వాత సానాకి వెళ్లడం అయితే ఎవరికీ వద్దు, ఇది 25 ఏళ్ల కుర్రాళ్లకి కూడా చెప్తున్నా. ప్రెగ్నెంట్ అయితే హాట్ టబ్, సానా ప్లాన్ పక్కన పెట్టేసి డాక్టర్ మాట వినండి.

మరి ఏం చేయాలి? నేనైతే ఆన్‌లైన్‌లో ముందే 4 పాస్‌లు కొననే కొనను.

షిప్ ఎక్కిన రోజు మధ్యాహ్నం స్పా టూర్ పెడతారు, ఫ్రీ. అమ్మని, మీ మిసెస్‌ని తీసుకెళ్లండి. ఆ వేడి రాయి మీద అమ్మ చేయి పెట్టి చూడనివ్వండి. మీరు మాత్రం ఎన్ని కుర్చీలు ఉన్నాయో లెక్కపెట్టండి. తర్వాత 3 ప్రశ్నలు అడగండి. మొత్తం ఎన్ని పాస్‌లు అమ్ముతారు? ఒక్క రోజు పాస్ ఉందా, పోర్ట్ డేకి వేరే రేటు ఉందా? ఈ రేటు మీద టిప్ ఎక్స్‌ట్రా కలుస్తుందా? స్పా సర్వీసుల మీద 18, 20 శాతం టిప్ ఆటోమేటిక్‌గా కలపడం క్రూజ్‌ల్లో మామూలే, పాస్ మీద కూడా కలుస్తుందా అనేది నోటితో అడిగి తెలుసుకోండి.

ఒక్క హెచ్చరిక. ఆ టూర్‌లో లాటరీ డ్రా పెడతారు, ఆఫర్లు చెప్తారు, "ఈ రోజు మాత్రమే" అంటారు. చాలా క్రూజ్ కంపెనీల స్పాలు ఆ కంపెనీలు నడపవు. వన్‌స్పావరల్డ్ అనే వేరే కంపెనీ నడుపుతుంది, 2019 నుంచి నాస్‌డాక్‌లో లిస్ట్ అయి ఉంది. అంటే అక్కడ మాట్లాడే అమ్మాయికి అమ్మకం కూడా పనిలో భాగమే. తన మీద కోపం వద్దు, పాపం నెలల తరబడి ఇల్లు వదిలి పని చేస్తుంటారు. మసాజ్ అయ్యాక మీరు సగం నిద్రలో ఉన్నప్పుడు క్రీములు, నూనెల లిస్ట్ రాసి ఇస్తారు. నవ్వి, "నో థ్యాంక్స్" అని లేచి వచ్చేయండి. అక్కడ కార్డ్ ట్యాప్ చేస్తే జేబులోంచి నోటు తీసినట్టు ఉండదు, బిల్లు చివరి రోజు కనిపిస్తుంది.

ఇప్పుడు నాకు నచ్చిన ప్లాన్. కోస్టా మాయా ఆగే రోజు చాలామంది చక్చోబెన్ అనే మాయా శిథిలాలు చూడటానికి వెళ్తారు. బస్సులో ప్రయాణం, ఎండ, ఉక్క, ఎత్తుపల్లాల నేల మీద నడక. మోకాళ్లు పోయిన మనిషికి అది టూర్ కాదు, పనిష్మెంట్. ఆ రోజు మీరు, నాన్నగారు వెళ్లండి, పాప ఎండకి ఓర్చుకుంటే తీసుకెళ్లండి, లేదంటే క్లబ్‌లో పెట్టండి. అత్తాకోడళ్లకి మాత్రం ఒక్క రోజు పాస్‌లు 2 తీయండి. షిప్ సగం ఖాళీ, కుర్చీలు ఖాళీ, టవల్స్ గొడవ లేదు. రోజు పాస్ 50 డాలర్లు అనుకున్నా 2కి 100. 800 ఎక్కడ, 100 ఎక్కడ. అక్కడ అమ్మకి బాగా నచ్చేసి "రేపు కూడా పోదాం" అంటే అప్పుడు ఇంకో రోజు తీసుకోండి, నేనే చెప్తున్నా.

"రోజు పాస్‌లు అయిపోతే?" అంటారేమో. అయిపోవచ్చు, షిప్‌ని బట్టి అసలు అమ్మకపోవచ్చు కూడా. అప్పుడు జూబిలీలోనే సెరెనిటీ అనే పెద్దవాళ్ల డెక్ ఉంది, 21 దాటినవాళ్లకి, పూర్తిగా ఫ్రీ, వర్ల్‌పూల్స్ కూడా ఉంటాయి. అమ్మ మోకాళ్లకి కావాల్సింది వేడి నీళ్లు అయితే అవి అక్కడా ఉన్నాయి. వేరే కంపెనీల్లో వెళ్లేవాళ్లకి కూడా ఒక మాట. సెలెబ్రిటీలో ఆక్వాక్లాస్ గదులు, నార్వీజియన్‌లో స్పా గదులు తీసుకుంటే థర్మల్ సూట్ గది రేటులోనే వచ్చేస్తుంది, గది తేడా ఎంతో చూసి లెక్క వేయండి. వైకింగ్ సముద్ర షిప్‌లలో అయితే అందరికీ ఫ్రీనే, కాకపోతే వాళ్లు పిల్లల్ని ఎక్కించుకోరు, టికెట్ రేటు కూడా ఆ రేంజ్‌లోనే ఉంటుంది. ఇండియాలో, సింగపూర్‌లో 2, 3 రాత్రుల క్రూజ్ వెళ్లేవాళ్లు పాస్ ఊసే ఎత్తకండి, షిప్ చుట్టూ తిరిగి చూసేలోపే దిగమంటారు.

నీళ్లు క్లీన్‌గా ఉంటాయా అని డౌట్ ఉన్నవాళ్లకి, అమెరికా పోర్ట్‌లకి వచ్చే క్రూజ్ షిప్‌లని అక్కడి సీడీసీ వాళ్లు తనిఖీ చేసి 100కి మార్కులు వేస్తారు, పూల్స్, హాట్ టబ్స్ కూడా చూస్తారు. 85 లేదా అంతకంటే తక్కువ వస్తే ఫెయిల్. రిపోర్ట్ వాళ్ల సైట్‌లో మీ షిప్ పేరు కొడితే వస్తుంది, 2 నిమిషాల పని.

చివరగా, లోపల ఫోన్ వాడనివ్వరు. రీల్ తీయలేరు. అది విన్నాక కూడా పాస్ కావాలి అనిపిస్తే మీరు నిజంగా వెళ్లే టైపే అని అర్థం.

బ్రో, నాన్నగారి డాక్టర్ కాల్ మాత్రం ఈ వారమే చేసేయండి. అమ్మానాన్న వీసా, ఐ-94 డౌట్లు కూడా అడిగారు, దానికి వేరే వీడియో చేస్తా. మిగతావాళ్లు మీ షిప్ పేరు, ఎన్ని సీ డేస్ ఉన్నాయో కామెంట్‌లో పెట్టండి, లెక్క నేను వేసి చెప్తా. ఉంటా మరి, బై.