కంట్రోల్ రూం ఎవరికి కాపలా?

(ఫ్యాక్టరీల పక్కనున్న గ్రామాల కార్యకర్తల శిక్షణా తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ రోజు కంట్రోల్ రూం గురించి మాట్లాడతామంటే కొందరు నవ్వారు. "మనకెందుకన్నా ఆ కంప్యూటర్ల గోల, కూలి సంగతి చెప్పండి" అన్నారు. కూలి సంగతీ చెప్తాం. కానీ మన ఊరి పక్కన ఫ్యాక్టరీ రాత్రింబవళ్ళు నడుస్తోంది. దాన్ని నడిపేది ఒక గది. ఆ గదిలో ఏం జరుగుతుందో మనకు తెలియదు. తెలియనిదాన్ని చూసి భయపడతాం, లేదంటే గుడ్డిగా నమ్మేస్తాం. రెండూ ముప్పే. అందుకే ముందు అదేమిటో తెలుసుకుందాం.

చెరువు దగ్గర మొదలుపెడదాం. తెలంగాణలో నీరటి అంటారు, రాయలసీమలో నీరుగంటి అంటారు. చాలా ఊళ్ళలో ఆ పని చేసింది మన వాడల మనుషులే. నీరటి ఏం చేసేవాడు? చెరువులో నీళ్ళెంత ఉన్నాయో చూసేవాడు. కింద పొలాలకు ఎంత కావాలో లెక్క కట్టేవాడు. తూము అంతమేరకే తీసేవాడు. మళ్ళీ పోయి చూసేవాడు. ఎక్కువైతే మూసేవాడు. చూడటం, లెక్క కట్టడం, చెయ్యి వెయ్యడం, మళ్ళీ చూడటం. ఫ్యాక్టరీ కంట్రోల్‌కు మూలం ఇదే. ఇందులో మాయేమీ లేదు. చూసేదాన్ని సెన్సారు అంటారు. లెక్క కట్టేది కంట్రోలర్. తూము లాంటిది వాల్వు. ఈ మూడూ కలిస్తే ఒక లూపు. పెద్ద రిఫైనరీలో ఇలాంటి లూపులు వందలు, వేలు ఉంటాయి.

కుట్టుమిషను ఆపి భోజనానికి పోవచ్చు. రిఫైనరీనో, ఉక్కు ఫ్యాక్టరీలో బ్లాస్ట్ ఫర్నేసునో అట్లా ఆపలేం. ఒకపక్క ముడిసరుకు పోతుంటుంది, ఇంకోపక్క సరుకు వస్తుంటుంది. మధ్యలో వేడి, ఒత్తిడి, మట్టం, ప్రవాహం నిమిష నిమిషానికీ మారుతుంటాయి. ఒకచోట తేడా వస్తే దాని వెనకా ముందూ అన్నీ కదులుతాయి. అందుకే అన్నిటినీ ఒకేచోట కూర్చుని చూడాల్సిన అవసరం వచ్చింది.

మొదట్లో వాల్వు దగ్గర మనిషి నిలబడి గేజి చూసి చక్రం తిప్పేవాడు. తర్వాత సన్నటి గొట్టాల్లో గాలి ఒత్తిడితో కబురు పంపే పద్ధతి వచ్చింది. ఆ తర్వాత కరెంటు తీగలొచ్చాయి. కబుర్లన్నీ ఒక గదికి చేరాయి. ఆ గది గోడల నిండా మీటర్లే. 1975లో అమెరికా కంపెనీ హనీవెల్, జపాన్ కంపెనీ యొకొగావా కొత్తరకం కంప్యూటర్ కంట్రోల్ వ్యవస్థలు తెచ్చాయి. దీన్నే డీసీఎస్ అంటున్నారు. ఇందులో లెక్క కట్టే పెట్టెలు పలుచోట్ల ఉంటాయి. కానీ చూసే చోటు, హుకుం ఇచ్చే చోటు మాత్రం ఒక్కటే. గోడ మీది మీటర్లు తెర మీదికి వచ్చాయి.

దీన్ని తిట్టడానికి మేం రాలేదు. కాలే గొట్టాల మధ్య చక్రాలు తిప్పే మనిషికి ఆ గండం చాలావరకు తప్పింది. మనిషి చెయ్యి అందుకోలేని వేగంతో యంత్రం తేడాను సర్దుతుంది. అది మంచిదే. కానీ ఒక మాట గుర్తుపెట్టుకోండి. గదికి సెన్సారు చెప్పిందే తెలుసు. సెన్సారు లేనిచోట గది గుడ్డిది. సెన్సారు అబద్ధం చెప్తే గది కూడా అబద్ధాన్నే నమ్ముతుంది.

2005 మార్చి 23. అమెరికాలోని టెక్సాస్ సిటీ, బీపీ రిఫైనరీ. 170 అడుగుల టవరును మళ్ళీ మొదలుపెడుతూ ద్రవం నింపుతున్నారు. మట్టం చూపే సెన్సారు కొలవగలిగింది అడుగునున్న కొద్ది అడుగులే. లోపల ద్రవం 150 అడుగులు దాటింది. తెర మీద మాత్రం 8 అడుగుల లోపే ఉన్నట్టు, అదీ తగ్గుతున్నట్టు కనపడింది. హెచ్చరించాల్సిన రెండో అలారం మోగలేదు. తెర ముందు కూర్చున్నది ఒక్క మనిషి. ఆ ఒక్కడి నెత్తిన మూడు యూనిట్లు! ఖర్చు తగ్గించాలని రెండో మనిషిని అంతకుముందే తీసేశారు. సుమారు నెల రోజులుగా వరసపెట్టి రోజుకు 12 గంటల డ్యూటీలు. ద్రవం పొంగి బయటపడింది, మంట అంటుకుంది. 15 మంది చనిపోయారు, 180 మంది గాయపడ్డారు. ఆ 15 మందీ కాంట్రాక్టు కంపెనీల మనుషులే. పక్కనే పెట్టిన తాత్కాలిక ట్రైలరు గదుల్లోనూ, వాటి చుట్టుపక్కలా ఉన్నారు. టవరు మొదలుపెడుతున్నామని వాళ్ళకు ఒక్క మాట చెప్పలేదు.

ఇంకో సంగతి. 1994 జూలై 24న బ్రిటన్‌లోని వేల్స్‌లో మిల్‌ఫర్డ్ హేవెన్ రిఫైనరీ పేలింది. 26 మందికి గాయాలయ్యాయి. పేలడానికి ముందు దాదాపు 11 నిమిషాల్లో ఇద్దరు ఆపరేటర్ల మీద 275 అలారాలు వచ్చిపడ్డాయి. తెర మీద తెరిచివున్నట్టు చూపిన వాల్వు నిజానికి మూసుకునివుంది. అందరూ ఒక్కసారి అరిస్తే ఎవరి మాట వినపడుతుంది? అలారాలు ఎక్కువుంటే భద్రత ఎక్కువనుకోవడం పొరపాటు.

ఇప్పుడు మన విశాఖపట్నానికి వద్దాం. 2020 మే 7, తెల్లవారుజామున మూడు గంటల వేళ. ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్‌జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ. లాక్‌డౌన్ వల్ల పని ఆగిపోయింది, ట్యాంకుల్లో స్టైరీన్ మాత్రం నిలవ ఉంది. స్టైరీన్‌ను చల్లగా ఉంచాలి. వేడెక్కితే దానంతట అదే గడ్డకట్టే చర్య మొదలవుతుంది. ఆ చర్య ఇంకా వేడిని పుట్టిస్తుంది. దాన్ని ఆపే మందు కూడా కలుపుతుండాలి. ప్రభుత్వం నీరబ్ కుమార్ ప్రసాద్ అధ్యక్షతన వేసిన హైపవర్ కమిటీ ఏం తేల్చిందో వినండి. ఎం-6 ట్యాంకులో వేడి కొలిచే సాధనం అడుగున మాత్రమే ఉంది. పైభాగంలో ఎంత వేడెక్కిందో చూసే కన్నే లేదు. చల్లబరిచే యంత్రాన్ని రాత్రిపూట ఆపేస్తున్నారు. కలపాల్సిన మందు నిలవ లేదు. సైరన్ మోగించడానికి 36 చోట్ల ఏర్పాటు ఉంది, ఒక్కచోటా మోగించలేదు.

స్టైరీన్ ఆవిరి గాలికన్నా బరువు. నేలబారుగా పాకి ఇళ్ళలోకి వచ్చింది. జనం నిద్రలోంచి లేచి పరుగెత్తుతూ రోడ్ల మీద కూలిపోయారు. పశువులు కట్టుగొయ్యల దగ్గరే పడిపోయాయి. 12 మంది చనిపోయారని కమిటీ లెక్క. గదికి తెలిసిన కబురు ఊరికి చేరలేదు. ఊరి దాకా తీగ వేసినవాడెవడూ లేడు.

మా సంగతి కూడా ఒకటి చెప్తాం. మాలో కొందరం ఒక రసాయనాల ఫ్యాక్టరీలో కాంట్రాక్టు కింద పనిచేశాం. పేరు ఇక్కడ అక్కర్లేదు. ట్యాంకులు కడగడం, గొట్టాలకు తొడుగులు చుట్టడం, బస్తాలు మొయ్యడం మా పని. ఒకరోజు పంపు దగ్గర మా అన్న ఒకాయన ఆగి చెవిపెట్టి విన్నాడు. "ఇది రోజూ లెక్క మోగడం లేదు" అన్నాడు. గదికి పోయి చెప్పబోతే తలుపు దగ్గరే ఆపేశారు. "తెర మీద అంతా నార్మల్, నువ్వు పోయి పని చూస్కో" అన్నారు. రాత్రికి పంపు సీలు పోయింది. అదృష్టం, కారింది వేడినీళ్ళే. అదే యాసిడ్ అయివుంటే? ఆయన కూలి అతి తక్కువ, ఆయన చెవి మాత్రం ఆ రోజు సెన్సారుకన్నా మెరుగు. చెవి ఉన్నవాడు గది బయట, తెర ఉన్నవాడు గది లోపల. ఈ గోడ ఇంజనీరింగు కట్టిన గోడ కాదు మిత్రులారా! ఎవరి మాట వినాలి, ఎవరి మాట వినక్కర్లేదు అనే పాత లెక్కే ఆ గోడ కట్టింది.

మరి ఏం చెయ్యాలి? ఫ్యాక్టరీ ముందు కేకలు వేసి ఇంటికి వస్తే సరిపోదు. అడగాల్సింది తెలిసి అడగాలి. 1989లో వచ్చిన ప్రమాదకర రసాయనాల నిబంధనల్లో మూడు సంగతులున్నాయి. పెద్ద ప్రమాదం జరగగల ఫ్యాక్టరీ యజమాని, ప్రమాదం ఎట్లాంటిదో, వస్తే ఏం చెయ్యాలో, ఏం చెయ్యకూడదో చుట్టుపక్కల జనానికి చెప్పాలి. ఫ్యాక్టరీ బయటి జనం కోసం జిల్లా యంత్రాంగం రక్షణ ప్రణాళిక రాయాలి. ఆ ప్రణాళికను ఏడాదికొకసారైనా నడిపి చూడాలి. మన ఊళ్ళో ఎప్పుడు నడిపారు? ఎవరు పిలిచారు? గ్రామసభలో అడగండి, రాతపూర్వకంగా అడగండి. సర్కారు ఆఫీసులో ఆ కాగితం ఉంటే 2005 సమాచార హక్కు చట్టం కింద నకలు పెట్టించండి.

ఫ్యాక్టరీని ఈ ప్రశ్నలడగండి. ఏ ట్యాంకులో ఏముంది? వేడి ఎన్నిచోట్ల కొలుస్తున్నారు? రాత్రి షిఫ్టులో తెర ముందు ఎంతమంది, ఒక్కొక్కరికి ఎన్ని యూనిట్లు? సెన్సారు సరిగ్గా ఉందో లేదో చివరిసారి ఎప్పుడు చూశారు? సైరన్ మోగితే గాలి ఎటు ఉంటే ఎటు పోవాలి? కాంట్రాక్టు మనిషి తేడా చూస్తే రాసుకునే పుస్తకం ఉందా? ఆ మాటకు జవాబు చెప్పే మనిషి ఎవరు?

ఆఖరి మాట. సెన్సారు నుంచి గదికి పోయే తీగలో కరెంటు 4 నుంచి 20 మిల్లీ ఆంపియర్లు ఉంటుంది. ట్యాంకు ఖాళీ అయినా 4 వస్తుంది. ఎందుకలా పెట్టారు? ఏమీ రాకపోతే, ట్యాంకు ఖాళీ అని కాదు, తీగ తెగిందని తెలియడానికి. మంచి ఇంజనీరు మౌనాన్ని నమ్మడు. కానీ మన ఊరి మౌనాన్ని మాత్రం అందరూ నమ్ముతున్నారు. ఫిర్యాదు లేదు కాబట్టి అంతా బాగుందని రాసుకుంటున్నారు. మనం మాట్లాడటం లేదంటే మనకు బాగుందని కాదు, ఆ గదికీ మనకూ మధ్య తీగే లేదని. ఆ తీగ మనమే వేసుకుందాం. వచ్చే గ్రామసభలోనే మొదలుపెడదాం.