ఆపరేషన్ అయ్యాక మొదలయ్యే ఖర్చు
(తూంకుంట సభలో మా సంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



తూంకుంట మీదుగా పోయే రాజీవ్ రహదారి మీద మనం రోజూ తిరుగుతాం. శామీర్‌పేట దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కుతాం. కారు ప్రమాదం అనగానే తల పగలడం, కాలు విరగడమే తలుచుకుంటాం. ఈ రోజు మేము మాట్లాడేది సీటు బెల్టును సరిగా పెట్టుకోకపోతే నడుముకు తగిలే దెబ్బ గురించి.

పాత కార్లలో వెనుక సీటు మధ్యన కూర్చునేవారికి ఒడి మీది పట్టీ ఒక్కటే ఉండేది. భుజం పట్టీ ఉన్నా, మెడకు ఒరుసుకుంటోందని చంక కిందికి నెట్టేసేవారు మన ఇళ్లలోనూ ఉన్నారు. బండి గుద్దుకున్నప్పుడు ఒడి పట్టీ పొట్ట మీదికి జారితే, పై శరీరం దాని మీదుగా ముందుకు మడత పడుతుంది. వెన్నుపూస వెనుక నుంచి ముందుకు అడ్డంగా చీలిపోతుంది. నడుము పూసలు మొదలయ్యే చోటే ఇది ఎక్కువ. 1948లో దీన్ని వివరించిన బ్రిటన్ రేడియాలజిస్టు పేరు ఛాన్స్. అందుకే ఛాన్స్ ఫ్రాక్చర్ అన్నారు; అదృష్టంతో దానికి సంబంధం లేదు.

దీనితో పాటే పేగులు కూడా చిట్లవచ్చు. పొట్ట మీద పట్టీ వాత కనిపిస్తే డాక్టరుకు చూపండి, నడుము నొప్పి సంగతీ చెప్పండి. పొట్ట ఆపరేషన్ హడావుడిలో నడుము మరుగున పడుతుంది. మనిషిని లేపి ఆటోలో కూర్చోబెట్టకండి. 108కి ఫోన్ చేసి, వచ్చేదాకా కదపకుండా పడుకోబెట్టండి.

ఎముక మాత్రమే చీలి, నరాలు బాగుంటే నడుముకు గట్టి బ్రేస్ కట్టి అతికిస్తారు. పూసలను పట్టి ఉంచే లిగమెంట్లు తెగితే అవి వాటంతట అవి సరిగా అతకవు. అప్పుడు విరిగిన పూసకు పైనా కిందా స్క్రూలు దింపి, రాడ్లతో బిగిస్తారు. నరాలు నలిగితే కాళ్లలో బలం, మూత్రం మీద అదుపు తిరిగి వస్తాయో లేదో ఆపరేషన్ రోజున ఎవరూ మాట ఇవ్వలేరు.

ఇక డబ్బు సంగతి. ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబరులో 10 లక్షలైంది. 2025 మేలో వచ్చిన కేంద్ర పథకం ప్రమాద బాధితులకు 1.5 లక్షల దాకా నగదు లేని చికిత్స ఇస్తుంది, అదీ 7 రోజులే. ఎముక అతకడానికి నెలలు పడుతుంది. ఆ నెలల్లో సంపాదించే మనిషి మంచం మీద, అద్దె నెత్తి మీద. ఫిజియోథెరపీ, మూత్రపు గొట్టాలు, పుండ్లు పడకుండా గాలి పరుపు, ఆసుపత్రికి తిప్పే బండి ఖర్చు ఏ బిల్లులోనూ కనబడవు. నమాజు కుర్చీలో కూర్చుని సైగలతో చదువుకోవచ్చు, దీన్ ఆ వెసులుబాటు ఇచ్చింది. ఇంటి అద్దెకు అలాంటి వెసులుబాటు లేదు.

మన దాతలు ఆపరేషన్ అంటే వెంటనే చెయ్యి చాస్తారు, గాలి పరుపు అంటే ఆలోచిస్తారు. మా అభిప్రాయంలో అక్కడే సాయం ఎక్కువ అవసరం. జకాత్ అందుకోదగిన ఎనిమిది వర్గాల్లో అప్పుల్లో మునిగినవారూ ఉన్నారు కదా. జకాత్‌కు అర్హులైన కుటుంబాలకు జకాత్ నుంచి, మిగతావారికి సదఖా నుంచి, ఇంటికి చేరాక మూడు నెలల ఖర్చుకు విడిగా ఒక నిధి పెట్టాలని కోరుతున్నాం. ఇన్షా అల్లాహ్, మీరు ఇవ్వగలిగింది సభ ముగిసేలోగా కోశాధికారి దగ్గర రాయించండి.