పాత కంప్యూటరును అమ్మే ముందు
(మన సంఘం ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను ఉపన్యాసకుణ్ణి కాను. ఖుర్దారోడ్డు రైల్వే ఆఫీసులో గుమాస్తాను. మెట్రిక్‌తో చదువు చాలించినవాణ్ణి. మా తాతగారు బెంగాల్ నాగపూర్ రైల్వే రోజులలో ఇచ్ఛాపురం వైపునుంచి ఈ జట్నీకి వచ్చి కుదురుకొన్నారు. కార్యదర్శిగారు మొన్న నన్ను పిలిచి, “పదిమందికీ పనికివచ్చే మాట ఏదైనా చెప్పవయ్యా” అన్నారు. అటువంటిది నాకు ఒక్కటే తెలుసు. అదీ నేను చేసిన తప్పువల్ల తెలిసింది.

రెండేండ్ల క్రిందట మన సంఘం పాత కంప్యూటరును అమ్మే పని నాకు అప్పగించారు. అందులో ఏమున్నవో మీకు తెలియనిది కాదు. మన కుటుంబాల చిరునామాలు, ఫోను నంబర్లు, చందాల లెక్కలు ఉన్నవి. అన్నిటినీ మించి, పెళ్ళి సంబంధాల కోసం తల్లిదండ్రులు మనల్ని నమ్మి ఇచ్చిన ఆడపిల్లల ఫోటోలు, జాతకాలు, జీతాల వివరాలు ఉన్నవి. నేను ఒక ఆదివారమంతా కూర్చుని ఫైళ్ళన్నీ చెరిపివేశాను. రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేశాను. ఇక భయం లేదనుకొని భువనేశ్వరంలో పాత సామాన్లు కొనే దుకాణానికి ఇచ్చి, వచ్చిన పైకం సంఘం ఖాతాలో జమకట్టాను.

నెల తిరగకముందే ఒక ఒడియా కుర్రవాడు ఫోను చేశాడు. కాలేజీ విద్యార్థి. “ఆజ్ఞా, మీ నంబరు ఈ కంప్యూటరులోనే దొరికింది” అన్నాడు. తన ఫైలు ఒకటి పోతే, పోయినవాటిని వెదికి తెచ్చే ఉచిత ప్రోగ్రాము ఒకటి నడిపాడట. అతని ఫైలు రాలేదు గాని, మన ఆడపిల్లల ఫోటోలు వరుసగా బయటికి వచ్చినవట. “నాకూ అక్కచెల్లెళ్ళున్నారు. వీటిని ఏం చేయమంటారు?” అని అడిగాడు.

నాకు కాళ్ళు చల్లబడినవి. ఆ రోజే సెలవు పెట్టి, ఈ పని తెలిసిన ఆఫీసు మిత్రుణ్ణి వెంటబెట్టుకొని వెళ్ళాను. కుర్రవాడు తన చదువు ఫైళ్ళను వేరేచోట దాచుకొని, మావాటి నకళ్ళు చెరిపి, కంప్యూటరును మా చేతికిచ్చాడు. మిత్రుడు డిస్కునంతా సున్నాలతో నింపి, మళ్ళీ విండోస్ ఎక్కించి ఇచ్చాడు. దేవుడివంటి కుర్రవాడి చేతిలో పడింది కాబట్టి సరిపోయింది. మరొకడి చేతిలో పడితే? అప్పట్లో అధ్యక్షులవారికి మాత్రమే చెప్పాను. ఇవాళ మీ అందరి ఎదుటా చెబుతున్నాను. ఆ జాబితాలో పేరున్న ప్రతి కుటుంబాన్నీ క్షమించమని వేడుకొంటున్నాను.

ఇక నేను చెరిపినవి ఎందుకు చెరగలేదో మనవి చేస్తాను. గూడ్సు షెడ్డులో ఏ బస్తా ఏ మూల ఉన్నదో ఒక రిజిస్టరులో వ్రాసి ఉంటుంది. గుమాస్తా ఎర్రసిరాతో ఆ పద్దు కొట్టివేస్తే బస్తా మాయమవుతుందా? అది అక్కడే ఉంటుంది. ఆ చోట మరో బస్తా పడేదాకా వెదికేవాడికి దొరుకుతుంది. కంప్యూటరులో ఫైలు చెరపడం అటువంటిదే. పద్దు పోతుంది, సరుకు మిగులుతుంది. క్విక్ ఫార్మాట్ అనేదీ ఇంతే. పాత రిజిస్టరు తీసి కొత్త రిజిస్టరు పెడుతుంది, షెడ్డును ఊడ్వదు.

ఇది నా ఒక్కడి అజ్ఞానమే అనుకోకండి. అమెరికాలో సిమ్సన్ గార్ఫింకెల్, అభి షెలత్ అనే ఇద్దరు పరిశోధకులు వాడిన డిస్కులు 158 కొని పరీక్షించి, 2003లో ఫలితాలు ప్రకటించారు. పనిచేసినవి 129. వాటిలో పూర్తిగా శుభ్రం చేసినవి 12 మాత్రమే. మిగిలినవాటిలో క్రెడిట్ కార్డు నంబర్లు, జనం సొంత ఉత్తరాలు కూడా దొరికినవి.

మరి చేయవలసిందేమిటి? ముందు మీ కంప్యూటరులో ఉన్నది ఏ రకమో చూచుకోవాలి. విండోస్‌లో ‘ఆప్టిమైజ్ డ్రైవ్స్’ అనే చోట చూస్తే అది తిరిగే పళ్ళెం గల హార్డ్ డిస్కో, చిప్పులు గల ఎస్.ఎస్.డి.యో తెలుస్తుంది.

హార్డ్ డిస్కు అయితే, మొదటినుంచి చివరిదాకా దానిమీద కొత్త వ్రాత వ్రాయించాలి. 1996లో పీటర్ గుట్మన్ అనే శాస్త్రజ్ఞుడు వ్రాసిన వ్యాసం చూచి 35 సార్లు వ్రాయాలని ఇప్పటికీ అనేవారున్నారు. ఈనాటి డిస్కులకు ఒక్కసారి పూర్తిగా వ్రాస్తే చాలును. సెకనుకు 100 మెగాబైట్ల చొప్పున వ్రాస్తే 500 గిగాబైట్ల డిస్కుకు గంటన్నర లోపే పడుతుంది. విండోస్ 10, 11లలో ‘రీసెట్ దిస్ పీసీ’ అనేదానిలో ‘రిమూవ్ ఎవ్రీథింగ్’ ఎన్నుకొని, తరువాత ‘చేంజ్ సెట్టింగ్స్’ లోకి వెళ్ళి ‘క్లీన్ డేటా’ను తప్పక ఎన్నుకోవాలి. చాలామంది ఈ ఆఖరి మెట్టు దగ్గరే ఆగిపోతారు. ఇది ఇంటివారి కోసం ఉద్దేశించినదనీ, ప్రభుత్వాల ప్రమాణాలకు చాలదనీ ఆ కంపెనీయే చెబుతున్నది.

ఎస్.ఎస్.డి. సంగతి వేరు. ఆ షెడ్డులో గుమాస్తాకు తెలియకుండా మేస్త్రీయే బస్తాలను అటూ ఇటూ మారుస్తూ ఉంటాడు. ఒకేచోట మాటిమాటికీ వ్రాస్తే చిప్పు అరిగిపోతుందని ఈ ఏర్పాటు. రిజిస్టరుకెక్కని వెనక గది కూడా ఒకటి ఉంటుంది. అందుచేత పైన వ్రాసినంత మాత్రాన అన్ని మూలలకూ వ్రాత చేరుతుందన్న నమ్మకం లేదు. 2011లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంవారి శాన్ డియాగో శాఖలో పరీక్షించి చూస్తే, ఒక్కొక్క ఫైలును విడిగా చెరిపే పద్ధతులు ఏవీ ఎస్.ఎస్.డి.లపై పూర్తిగా పనిచేయలేదు. దీనికి డ్రైవు తయారీదారు ఇచ్చే ప్రోగ్రాముతో ‘సెక్యూర్ ఎరేజ్’ ఆజ్ఞ ఇవ్వాలి. అంతకన్నా మేలైనది, కంప్యూటరు కొన్ననాడే బిట్‌లాకర్ వంటి తాళం వేసి ఉంచడం. అప్పుడు వ్రాత అంతా గూఢలిపిలో ఉంటుంది. అమ్మేనాడు తాళంచెవిని నాశనం చేస్తే లోపల మిగిలింది ఎవరికీ అర్థం కాదు.

ఇవేవీ చేతకాకపోతే సులువైన మార్గం ఒకటున్నది. డ్రైవు ఊడదీసి ఇంట్లో ఉంచుకొని మిగతాది అమ్మండి. నాలుగు డబ్బులు తక్కువ వస్తే రానివ్వండి. చెడిపోయిన డ్రైవునైతే పగులగొట్టాలి. హార్డ్ డిస్కులో పళ్ళెం పగలాలి, ఎస్.ఎస్.డి.లో ప్రతి చిప్పూ పగలాలి.

ఇంకొక హెచ్చరిక. నా కథ విని మా కాలనీలో ఒక పెద్దాయన భయపడి, ఏదీ నకలు తీసుకోకుండా తన కంప్యూటరును శుభ్రంగా తుడిపించారు. కీర్తిశేషురాలైన ఆయన తల్లిగారి పాట అందులో ఉండేది. శ్రీకాకుళం వైపు పెళ్ళిళ్ళలో పాడుకొనే పాట. ఇప్పుడు అది ఎక్కడా లేదు. పరాయిగడ్డ మీద మన మాట, మన పాట ఈ పెట్టెలలోనే దాగి ఉన్నవి. కాబట్టి ముందు రెండుచోట్ల నకలు తీయండి, ఆ నకలు తెరుచుకొంటున్నదో లేదో చూడండి, ఆ తరువాతే తుడవండి.

2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మామూలు మద్దతు ఆగిపోయింది. పాత కంప్యూటర్లను వదిలించుకొనేవారు మనలోనూ ఉంటారు. అందుచేత సంఘానికి ఒక విన్నపం. సంఘం యంత్రం ఏదైనా ఇకమీదట చేయి మారేముందు ఇద్దరు సభ్యులు దగ్గరుండి తుడిపించాలి. పోయినవాటిని వెదికే ప్రోగ్రాము నడిపి, ఏమీ రాలేదని చూచి, మినిట్స్ పుస్తకంలో సంతకాలు చేయాలి. మొదటి సంతకం నేను చేస్తాను.

పండుగకు ఇల్లు దులిపి, పాత సామాను బయట పెట్టడం మనకు ఆనవాయితీ. ఈ ఏడు పాత పెట్టెను పంపే ముందు దాని కడుపు కూడా దులపండి. వచ్చిన సంవత్సరం పేరు పరాభవ. ఆ పేరు పంచాంగంలోనే ఉండిపోవాలనీ, మన ఆడపిల్లలలో ఏ ఒక్కరికీ మన అజాగ్రత్త వల్ల అది కలుగరాదనీ కోరుకొంటూ సెలవు తీసుకొంటున్నాను.