హాలోవీన్ వేర్లు: మందలు కొండ దిగే కాలం



1886లో ఇంగ్లండులో కొన్ని ధర్మనిధి ఉపన్యాసాలు జరిగాయి. అవి హిబ్బర్ట్ నిధి ఏర్పాటు చేసినవి. వక్త జాన్ రీస్, ఆక్స్‌ఫర్డ్‌లో కెల్టిక్ విద్యకు తొలి ఆచార్యుడు. నవంబరు 1న వచ్చే సావిన్ పండగే పూర్వపు కెల్టులకు సంవత్సరాది అయి ఉంటుందని, తన కాలపు జానపద ఆచారాలను ఆధారం చేసుకుని ఆయన ప్రతిపాదించాడు. తర్వాత మానవశాస్త్రవేత్త జేమ్స్ ఫ్రేజర్ ‘ది గోల్డెన్ బౌ’లో ఆ మాటను అందుకోవడంతో ఊహ కాస్తా పాఠమైపోయింది. నేటికీ సావిన్‌కు ముందురోజైన అక్టోబరు 31 దగ్గరపడితే చాలు, హాలోవీన్ అంటే కెల్టుల కొత్త సంవత్సరమని పత్రికలు రాస్తూనే ఉంటాయి. పాత ఐరిష్ కథలు మాత్రం సావిన్ వైభవాన్ని ఎంతగా వర్ణించినా, దాన్ని సంవత్సరాది అని సూటిగా చెప్పవు.

రీస్ కన్నా వందేళ్ల ముందు చార్లెస్ వాలన్సీ అనే సైనిక ఇంజనీరు ఇంకా పెద్ద సాహసమే చేశాడు. సావిన్‌ను ఏకంగా ఒక దేవుణ్ణి చేశాడు. మృతులకు అధిపతి అయిన అలాంటి దేవుడు ఐరిష్ పురాగాథల్లో ఎక్కడా కనబడడు. అయినా ఆ కల్పిత దైవం ఒక పుస్తకం నుంచి మరో పుస్తకానికి పాకుతూ ఇరవయ్యో శతాబ్దం దాకా బతికాడు.

వీటిని పక్కన పెట్టినంత మాత్రాన హాలోవీన్‌కు పాత వేర్లు లేవని కాదు. ఆ వేర్లు పశువుల దొడ్లలో ఉన్నాయి.

ఐర్లండు, స్కాట్లండు, మాన్ దీవి పాడిని నమ్ముకుని బతికిన నేలలు. మే మొదట్లో మందలను కొండల మీది వేసవి మేతకు తోలేవారు. నవంబరు మొదట్లో కిందికి దించేవారు. చలికాలమంతా మేపగలిగినన్నింటిని ఉంచుకుని, మిగిలినవాటిని కోసి మాంసానికి ఉప్పు పట్టించేవారు. వేసవంతా కొండల మీద గడిపినవాళ్లు ఇల్లు చేరేదీ, ఏడాది మొత్తంలో మాంసానికి కరువు లేనిదీ అప్పుడే. పండగకు ఇంతకన్నా వేరే కారణం అక్కర్లేదు. పంతొమ్మిదో శతాబ్దంలోనూ ఐరిష్ రైతులు కౌలు కట్టే వాయిదాలు సాధారణంగా మే 1, నవంబరు 1 తేదీలకే పడేవి.

కాలం మారే ఆ సంధిలో రెండు లోకాల మధ్య తలుపు తెరుచుకుంటుందన్న నమ్మకం కథల నిండా ఉంది. నేరా అనే యోధుడి కథ రాత్‌క్రోహన్‌లో జరుగుతుంది. అది నేటి రాస్‌కామన్ జిల్లాలో ఉంది. సావిన్ రాత్రి అతడు గుహలోంచి భూమి కిందున్న వేరే లోకానికి వెళ్తాడు. తిరిగొచ్చి చెబితే ఎవరు నమ్ముతారని, సాక్ష్యంగా వేసవిలో దొరికే పూలూ ఆకులూ పట్టుకొస్తాడు. ఇక్కడ చలి మొదలైంది, అక్కడ ఇంకా వేసవే. ‘పిల్లుల గుహ’ అని పేరున్న ఆ గుహ ఇప్పటికీ ఉంది. లోపలికి వంగి పాకుతూ వెళ్లాలి.

అయితే ఈ కథలను రాతలో పెట్టింది క్రైస్తవ సన్యాసులు. వారి రాతప్రతుల్లో నేడు మిగిలినవి పన్నెండో శతాబ్దం నుంచే దొరుకుతాయి. పాత మతం వాళ్ల గొంతు నేరుగా వినే భాగ్యం ఎవరికీ లేదు.

చర్చి సావిన్‌ను మింగేయడానికే సర్వ పునీతుల పండగను నవంబరు 1కి జరిపిందన్న వాదన కూడా అందరికీ తెలిసిందే. దీనిమీద చరిత్రకారుడు రోనాల్డ్ హటన్ 1996లో వెలువడిన ‘ది స్టేషన్స్ ఆఫ్ ది సన్’ గ్రంథంలో గట్టి సందేహమే లేవనెత్తాడు. తొమ్మిదో శతాబ్దపు తొలినాళ్లలో ఐర్లండు చర్చి ఆ పండగను ఏప్రిల్ 20న జరుపుకొనేది. నవంబరు 1ని ముందుగా పట్టుకున్నది ఇంగ్లండు, జర్మనీ ప్రాంతాలు. 835లో లూయీ చక్రవర్తి దాన్ని ఫ్రాంకుల రాజ్యమంతటా అమలు చేశాడు. సావిన్‌ను లోబరుచుకోవడమే ఉద్దేశమైతే, సావిన్ పుట్టిన చోటే ఆ తేదీ ముందుగా కనబడాలి కదా!

గతించినవారి కోసం ప్రార్థించే నవంబరు 2 కూడా చర్చి ఇచ్చినదే. ఓడిలో అనే క్లూనీ మఠాధిపతి వెయ్యో సంవత్సరం దరిదాపుల్లో దాన్ని స్థిరపరిచాడు. ఇంగ్లండులో పేదలు ఇంటింటికీ తిరిగి ‘సోల్ కేకులు’ అడుక్కుని, ఆ ఇంటి మృతుల కోసం ప్రార్థించే ఆచారం దాని నీడలోనే పెరిగింది. అంటే హాలోవీన్‌లో రెండు పాయలున్నాయి. చనిపోయిన బంధువుల ఆత్మలు ఎక్కువగా చర్చి వైపు నుంచి వచ్చాయి. కొండల కడుపులోంచి బయటికొచ్చే మాయలోకపు జనం అంతకన్నా పాతవాళ్లు. వాళ్ల కంట పడకుండా వేషం మార్చుకోవడం, వాళ్లను జడిపించడానికి టర్నిప్ దుంపను తొలిచి దీపం పెట్టడం ఈ రెండో పాయకు దగ్గరగా ఉంటాయి. డోనెగాల్‌లో దొరికిన అలాంటి దుంప దీపం అచ్చును క్యాజిల్‌బార్‌లోని జాతీయ మ్యూజియంలో చూడవచ్చు. దాని ముఖం ముందు నేటి గుమ్మడికాయ ముఖం పసిపాప నవ్వు.

1840ల కరువులో ఓడలెక్కిన ఐరిష్ కుటుంబాలతో, వారికి ముందూ వెనకా వెళ్లిన స్కాట్లండు వాళ్లతో ఈ ఆచారాలు అమెరికా చేరాయి. అక్కడ దుంప స్థానంలోకి గుమ్మడికాయ వచ్చింది. ఇప్పుడు డాలస్‌లోనో న్యూజెర్సీలోనో తెలుగు పిల్లలు బతుకమ్మ ఆడిన కొన్ని వారాలకే మిఠాయి సంచులతో వీధి తిరుగుతున్నారు. అటు ఐర్లండు దుకాణాల్లోనూ గుమ్మడికాయలే అమ్ముడుపోతున్నాయి.

గుమ్మడికాయ రాకముందు పండగ ఎలా ఉండేదో తెలుసుకోవాలంటే కెల్టుల పూజారులైన డ్రూయిడ్ల మీద రాసిన పుస్తకాల కన్నా మంచి చోటు ఒకటుంది. 1937 నుంచి 1939 దాకా ఐర్లండులో దాదాపు 5,000 ప్రాథమిక పాఠశాలల పిల్లలు తమ ఇంటి పెద్దల దగ్గర విన్నవి నోటు పుస్తకాల్లో రాసి పెట్టారు. మొత్తం సుమారు 7,40,000 పుటలు. తాడుకు వేలాడే యాపిల్‌ను చేతులు పెట్టకుండా కొరకడం, రొట్టెలో ఉంగరం ఎవరికొస్తే వారికి పెళ్లి కావడం లాంటివి వాటిలో ఉన్నాయి. ఆ పుటలు ఇప్పుడు అంతర్జాలంలో ఉచితంగా చదువుకోవచ్చు. ఈ పండగ మూలాల మీద పని చేయాలనుకునే విద్యార్థి ముందుగా తెరవవలసింది వాటినే.