బాలల నిధి: లెక్క చెప్పవలసిన బాధ్యత
(శాఖా కోశాధికారుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈనాడు మన ముందున్న అంశం జీతాల ఒప్పందమో, బోనసో కాదు. ప్రమాదాలలో మరణించిన కార్మికుల బిడ్డల చదువు కొరకు మనము నెలకొల్పుకొన్న నిధి. ఒక్కొక్క సభ్యుడు ఒక రోజు వేతనమిచ్చి కూర్చిన సొమ్ము అది. గత ఏడాది ఒక శాఖ ద్వారసభలో ఒక సభ్యుడు లేచి, "ఆ నిధి లెక్క ఎక్కడ?" అని అడిగినాడు. అతడు యాజమాన్యం మాటలు పలుకుతున్నాడని మాలో ఒకరు కసరినారు. అది మా తప్పు. ఆ సభ్యునికి ఈ సభాముఖంగా క్షమాపణ చెప్పుకొంటున్నాము.

పిల్లల పేరిట వసూలైన డబ్బును గురించి ప్రశ్నించడం కష్టమైన పని. అడిగినవాడే నిర్దయుడుగా కనిపిస్తాడు. ఇందుకు లండను నగరంలోని 'కిడ్స్ కంపెనీ' ఉదంతాన్ని మన కోశాధికారులందరూ తెలిసికొనవలసియున్నది.

1996లో ప్రారంభమైన ఆ సంస్థ దిక్కులేని పిల్లలకు తిండి, ఆదరణ, వైద్య సలహా కల్పించేది. దాని వల్ల మేలు పొందిన పిల్లలు ఉన్నారనడంలో సందేహం లేదు. ప్రభుత్వాలు మారినా మంత్రుల ఆదరణ మాత్రం తగ్గలేదు. సంస్థ ఆర్థిక స్థితి బాగులేదని అధికారులు 2002 నుండి హెచ్చరిస్తూనే వచ్చినారు. డబ్బు ఇవ్వకుంటే సేవలు ఆగిపోతాయని సంస్థ మంత్రులకు వ్రాయడం, మంత్రులు మళ్లీ ఇవ్వడం ఆనవాయితీ అయినది. ఈ విధంగా కనీసం 4 కోట్ల 60 లక్షల పౌండ్ల ప్రజాధనం చేరిందని బ్రిటిష్ జాతీయ ఆడిట్ కార్యాలయం 2015లో తేల్చినది. ఆ సంవత్సరం జూలై నెలాఖరున, ఉన్నతాధికారి వ్రాతపూర్వకంగా అభ్యంతరం తెలిపినను, మంత్రుల ఆదేశంపై మరి 30 లక్షల పౌండ్లు ఇచ్చినారు. ఆగస్టు 5న సంస్థ మూతపడినది. ఆరువందలకు పైబడిన ఉద్యోగులు వీధిన పడినారు.

ఏటేటా ఆడిట్ అయిన సంస్థే అది. లెక్కలు తప్పుగా వ్రాసినారన్నది కాదు ప్రధాన సమస్య. చేతిలో నిల్వ ఉంచుకొనక, వచ్చినది వచ్చినట్లు ఖర్చు చేయడమే. 36,000 మందికి సేవ చేస్తున్నామని చెప్పుకొన్న సంస్థ మూతపడిన పిమ్మట స్థానిక సంస్థలకు అప్పగించిన పిల్లల కాగితాలు రెండు వేల లోపే.

న్యాయంగా మరొకటి కూడా చెప్పాలి. మూతకు ముందు వచ్చిన లైంగిక దుశ్చర్యల ఆరోపణలకు ఆధారం లేదని 2016లో పోలీసులు తేల్చినారు. ధర్మకర్తలను అనర్హులుగా ప్రకటించాలన్న దావాను 2021లో హైకోర్టు కొట్టివేసినది. మరుసటి ఏడాది ధర్మసంస్థల కమిషన్ వెలువరించిన నివేదిక మాత్రం, సొంత ఉద్యోగులకు, పన్నుల శాఖకు సకాలంలో చెల్లింపులు చేయకపోవడాన్ని నిర్వహణ లోపమన్నది. ఆ నివేదికనూ న్యాయస్థానంలో సవాలు చేసినారు. అయినను కార్మిక సంఘంవారమైన మనకు ఆ ఒక్క వాక్యం చాలు. పన్ను బకాయిలలో 5,90,000 పౌండ్లను 2003లోనే రద్దు చేసినారట. మన దగ్గర ప్రావిడెంట్ ఫండు కోసి జమ కట్టని యజమానిని మనమేమంటాము? పిల్లలను సాకుతున్నాడు గదా అని ఊరుకొంటామా?

అక్కడ నిల్వ లేక ముంచినారు. మన దేశంలో నిల్వ పెట్టి ముంచడం ఎక్కువ. 1996 చట్టాల కింద భవన నిర్మాణ కార్మికుల సంక్షేమానికి వసూలైన సెస్సు 37,400 కోట్ల రూపాయలకు పైబడగా, ఖర్చయినది సుమారు 9,500 కోట్లేనని 2018 మార్చిలో సుప్రీంకోర్టు ఎత్తిచూపినది. అందులోనూ లాప్‌టాప్‌లు, బట్టలుతికే యంత్రాలు కొన్నారు! ఆ కార్మికుల బిడ్డల ఉపకార వేతనాలు ఆ సొమ్ములోనివే.

ఈ రెండవ దోషం మనకూ ఉన్నది. క్రేన్ తెగి చనిపోయిన ఒక సోదరుని కుమార్తెకు కళాశాల ఫీజు గడువు దాటిపోయినది. ఆనాడు మన నిధి బ్యాంకులో ఫిక్సెడ్ డిపాజిట్‌గా భద్రంగా ఉన్నది. చెక్కుపై సంతకం చేయవలసిన ఇద్దరిలో ఒకరు పర్యటనలో ఉన్నారు. ఆ అమ్మాయి తల్లి చెవికమ్మలు కుదువ పెట్టి ఫీజు కట్టినది. తర్వాత మేము చెక్కు తీసికొని పోయినప్పుడు ఆమె మమ్ములను ఒక్క మాట అనలేదు. "కూర్చోండి అన్నా" అని మంచినీళ్లిచ్చినది. అంతకంటె ఆమె తిట్టి ఉన్నచో బాగుండేది.

అందుచేత కార్యవర్గం కొన్ని నిర్ణయాలు మీ ముందుంచుతున్నది. ఒక ఏడాదికి సరిపడు ఫీజుల మొత్తం ఎప్పుడూ నిల్వ ఉండాలి. దానికి మించినది ఊరక పడియుండరాదు. సంతకానికి ముగ్గురిని నియమించి, ఏ ఇద్దరైనా చాలునన్న తీర్మానం బ్యాంకుకు పంపాలి. సహాయం ఎవరికివ్వాలో నిర్ణయించే ఉపసంఘంలో కోశాధికారి ఉండరాదు. మూడు నెలలకొకసారి జమాఖర్చులు శాఖ కార్యాలయం నోటీసు బోర్డుపై పెట్టాలి. పిల్లల పేర్లు మాత్రం పెట్టరాదు. తండ్రి పోయిన బిడ్డను దాతల ముందు నిలబెట్టి ఫోటో తీయించే పద్ధతి మనకు వద్దు.

సభ్యులు లెక్కల పుస్తకాలు చూచుకొనే సౌకర్యం సంఘ నియమావళిలో ఉండి తీరాలని 1926 నాటి ట్రేడ్ యూనియన్ల చట్టం 6వ విభాగం చెప్పినది. ఆ చట్టం స్థానంలో పారిశ్రామిక సంబంధాల స్మృతి వచ్చినంత మాత్రాన మన నియమావళిలోని ఆ నిబంధన చెరిగిపోలేదు. నిధికి వేరే ట్రస్టు రిజిస్టరు చేసినాము గనుక అది వర్తించదని ఒక మిత్రుడు వాదించినారు. చట్టరీత్యా ఆయన మాట నిజం కావచ్చు. డబ్బిచ్చినది ఆ సభ్యులే గదా!

గత మూడు సంవత్సరాల జమాఖర్చుల ప్రతులు మీ చేతికిచ్చినాము. రెండవ పుటలో ప్రయాణ ఖర్చుల కింద చూపిన రెండు పద్దులకు వోచర్లు దొరకలేదు. వెదకుతున్నాము. వచ్చే మహాసభ నాటికి దొరకనిచో ఆ సొమ్ము కార్యవర్గ సభ్యులమైన మేమే నిధికి జమ కడతాము. ఇక మీ ప్రశ్నలు అడగవచ్చును.