చివరి బెంచీ దాకా

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగం)

 

విద్యుత్ రంగంలో 28 ఏళ్లు పనిచేశాక, ఇంజనీరింగ్ విద్యార్థులకు పాఠాలు చెప్పమని ఒక విశ్వవిద్యాలయం వారు పిలిచారు. సబ్జెక్టు నాకు కొట్టిన పిండి. ఇక నేర్చుకోవాల్సిందేముంది అనుకున్నాను.

మొదటి నెలలో పవర్ ఫ్యాక్టర్ చెప్పాను. బోర్డు నిండా రాసి "అర్థమైందా?" అంటే "అయింది సార్" అన్నారు. పరీక్షలో సగం మంది ఆ ప్రశ్న ముట్టుకోలేదు. తెలుగు మీడియంలో చదివొచ్చిన ఒక పల్లెటూరి అబ్బాయిని నిలబెట్టి, "ఇది కూడా రాకుండా ఇంజనీరింగ్‌కి ఎలా వచ్చావయ్యా?" అన్నాను. మర్నాటి నుంచి అతను నా క్లాసుకు రాలేదు. తప్పు అతనిదేననుకున్నాను.

సెలవుల్లో కొత్త అధ్యాపకుల వర్క్‌షాప్‌కు వెళ్లమన్నారు. మొక్కుబడిగా వెళ్లాను. అక్కడ మైక్రో టీచింగ్ చేయించారు. 1960లలో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో మొదలైన పద్ధతి అది. ఒకే అంశం, ఐదారు నిమిషాల పాఠం, తోటి అధ్యాపకులే విద్యార్థులు. వీడియో తీసి చూపించి, లోపాలు చెప్పి, మళ్లీ చెప్పిస్తారు. నా వీడియోలో నా వీపే ఎక్కువ కనిపించింది. ప్రశ్న అడిగి, ఎవరూ నోరు తెరవకముందే జవాబు కూడా నేనే చెప్పేశాను. టీచర్లు ప్రశ్న అడిగాక సుమారు ఒక్క సెకనే ఆగుతారని, మూడు సెకన్లు ఆగితే మాట్లాడని పిల్లలు కూడా మాట్లాడతారని మేరీ బడ్ రో అనే పరిశోధకురాలు 1970లలోనే తేల్చారు.

నాకు మన లెక్కల మాస్టారు గుర్తొచ్చారు. ప్రశ్న అడిగి, కళ్లజోడు తీసి, కండువాతో తుడుచుకుంటూ చివరి బెంచీ దాకా నడిచేవారు. ఆయన అక్కడికి చేరేలోగా ఎవరో ఒకరికి జవాబు తట్టేది. ఆయనది నిదానం అనుకుని నవ్వుకునేవాళ్లం. అది మా కోసం ఆగడమని యాభై దాటాక తెలిసింది.

బి.ఎడ్. చేసేవారు నిజమైన తరగతిలో పాఠం చెప్పి చూపించాలి. విశ్వవిద్యాలయంలో ఉద్యోగానికి సాధారణంగా నెట్ గానీ పీహెచ్‌డీ గానీ చూస్తారు, బి.ఎడ్. లాంటి శిక్షణ అడగరు. ఆ లోటు తీర్చడానికే 1986 జాతీయ విద్యావిధానం తర్వాత యూజీసీ అకడమిక్ స్టాఫ్ కాలేజీలు పెట్టింది. ఇప్పుడవి మాలవీయ మిషన్ టీచర్ ట్రైనింగ్ సెంటర్లు. పదోన్నతికి సర్టిఫికెట్ పనికొస్తుందని మాత్రమే వెళ్లేవారూ ఉన్నారు. మనలో కాలేజీల్లో పనిచేస్తున్న మిత్రులకు నా మనవి ఒక్కటే: వెళ్లినప్పుడు మీ వీడియో మీరు తప్పకుండా చూసుకోండి.

ఆ అబ్బాయికి ఫోన్ చేసి, "తప్పు నాది బాబూ" అన్నాను. అతనికి అప్పటికే ఆ సబ్జెక్టు పోయింది. అయినా తిరిగి వచ్చాడు. ఇప్పటికీ చివరి బెంచీలోనే కూర్చుంటాడు. ప్రశ్న అడిగి, నేనే అక్కడిదాకా నడుస్తున్నాను.

సెలవు.