విశ్రాంతి కూడా విధినిర్వహణే

(ముస్లిం విద్యార్థులు, తల్లిదండ్రుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఇంటర్మీడియట్ తరువాత మన పిల్లలు ఏయే ఉద్యోగాలకు ప్రయత్నించవచ్చో తెలియజెప్పడానికి ఈ సమావేశం ఏర్పాటైంది. వైద్యవృత్తి గురించి, ఇంజనీరింగ్ గురించి, సర్వీస్ కమిషన్ పరీక్షల గురించి మాకు ముందు మాట్లాడిన పెద్దలు చక్కగా వివరించారు. మేము విమాన సిబ్బంది గురించి మాట్లాడదలచాము. మేము విమానం నడిపినవారము కాము. ఉద్యోగ జీవితమంతా ప్రభుత్వ కార్యాలయంలో దస్త్రాల మధ్య గడిపినవారము. అయినా ఈ విషయాన్ని ఎన్నుకోవడానికి ఒక కారణమున్నది. ఆ కారణం మాకు గర్వించదగినది కాదు.

మా బస్తీలో ఒక సామాన్య కుటుంబానికి చెందిన అమ్మాయి విమానంలో క్యాబిన్ సిబ్బందిగా చేరింది. అర్ధరాత్రి దాటాక కంపెనీ కారు వచ్చి ఆమెను తీసుకువెళ్ళేది. ఒక్కొక్కసారి ఫజర్ నమాజుకు మేము మస్జిదుకు వెళ్ళే వేళకు తిరిగి వచ్చేది. వీధిలో గుసగుసలు మొదలయ్యాయి. "రాత్రిళ్ళు ఆడపిల్లకు ఏం ఉద్యోగం?" అన్నవారున్నారు. మేము మొహల్లా కమిటీలో ఉన్నాము. ఆ మాటలు మా చెవిన పడ్డాయి. ఖండించలేదు, ఊరుకున్నాము.

ఒకనాడు ఆ అమ్మాయి తండ్రి మా వద్దకు వచ్చాడు. నిందల గురించి ఒక్క మాట కూడా అనలేదు. "భాయ్‌సాబ్, పగటిపూట మా ఇంటి ముందు మైకు కొంచెం తగ్గించమని చెప్పండి. నిన్న పాప నిద్రపోలేకపోయింది. అలసిపోయానని చెప్పి రాత్రి డ్యూటీ మానుకుంది. ఎగిరిన గంటలను బట్టి వచ్చే భత్యం పోయింది" అన్నాడు. ఆ మైకు మా కమిటీ పెట్టించినదే. ఒక మనిషి నిద్రకూ వందలమంది ప్రాణాలకూ ఉన్న సంబంధం మాకు ఆనాడు తెలిసివచ్చింది. తరువాత ఆ కుటుంబం ద్వారా, ఆ వృత్తిలో ఉన్న మరికొందరి ద్వారా మేము తెలుసుకున్న విషయాలను మీ ముందుంచుతున్నాము.

విమానం ఉదయం 6 గంటలకు బయలుదేరవలసి ఉంటే సిబ్బంది పని అంతకు ఎన్నో గంటల ముందే ఆరంభమవుతుంది. తెల్లవారుజామున 2, 3 గంటలకే లేచి, యూనిఫాం సవరించుకుని, విమానాశ్రయం చేరాలి. మన దేశంలో విధికి ముందు శ్వాస పరీక్ష ఉంటుంది. ప్రయాణానికి ముందు 12 గంటల వరకు మద్యం ముట్టరాదన్నది నిబంధన. ఆల్కహాల్ కలిసిన మౌత్‌వాష్ వంటివి కూడా వాడరాదు. మన ధర్మం మనకు ఎప్పుడో నిషేధించిన దానిని ఈ వృత్తి కూడా ఇంత కఠినంగా పరిగణిస్తున్నది.

పైలట్లు వాతావరణం, ఇంధనం, దారి, దిగవలసిన రన్‌వే స్థితి, అక్కడ దిగలేకపోతే వెళ్ళవలసిన మరొక విమానాశ్రయం, ఇవన్నీ పరిశీలిస్తారు. ఒక పైలట్ విమానం చుట్టూ తిరిగి చక్రాలు, రెక్కలు, ఇంజన్లు కళ్ళారా చూసి వస్తాడు. ఆ తరువాత చెక్‌లిస్ట్. ఒకరు చదువుతారు, మరొకరు చూసి జవాబు చెబుతారు. ఇరవై ఏళ్ళ అనుభవమున్న కెప్టెన్ అయినా "నాకు కంఠతా వచ్చు" అనడానికి వీలులేదు. 1935లో అమెరికాలో బోయింగ్ సంస్థ కొత్తగా తయారుచేసిన పెద్ద విమానం పరీక్ష సందర్భంగా కూలిపోయింది. నడిపినవారు ఆరితేరిన పైలట్లే. నేలమీద ఉన్నప్పుడు తోకభాగాన్ని కదలకుండా బిగించే లాకును తీయడం మరచిపోయారు. ఆ మరుపు నుండే ఈ చెక్‌లిస్ట్ పద్ధతి స్థిరపడింది. జ్ఞాపకశక్తిని నమ్ముకోరాదని, మనిషి మరచిపోతాడని ఒప్పుకోవడమే వృత్తినిష్ఠకు తొలిమెట్టు.

ఇక క్యాబిన్ సిబ్బంది. మనలో చాలామంది వారిని టీ, మంచినీళ్ళు అందించేవారుగానే చూస్తాము. నిజానికి వారు విమానంలో ఉండడానికి మొదటి కారణం భద్రత. మన దేశంలో ప్రతి 50 సీట్లకు ఒకరు చొప్పున వారు తప్పక ఉండాలి. బయలుదేరే ముందు సమావేశంలో వారికి భద్రతపై ప్రశ్నలు వేస్తారు. మంటలు ఆర్పడం, ప్రథమ చికిత్స, ద్వారాలు తెరవడం, నీటిపై దిగితే చేయవలసిన పని, వీటన్నింటిలో వారికి ఏటా శిక్షణ ఉంటుంది. ఒక నమూనా విమానానికి అనుమతి లభించాలంటే సగం ద్వారాలు మాత్రమే తెరిచి 90 సెకన్లలో అందరినీ బయటకు పంపవచ్చునని నిరూపించాలి. ఆ 90 సెకన్లు వారి చేతిలో ఉంటాయి. విమానం ఎగిరేటప్పుడు, దిగేటప్పుడు వారు తమ సీట్లలో మౌనంగా కూర్చుని ఉండడం మనం చూస్తాము. ఆ మౌనంలో వారు ప్రమాదం జరిగితే మొదట ఏం చేయాలో మనసులో వల్లెవేసుకుంటారు.

1986 సెప్టెంబరు 5న కరాచీ విమానాశ్రయంలో పాన్ యామ్ విమానాన్ని సాయుధులు ఆక్రమించినప్పుడు నీర్జా భానోత్ చేసినది ఇదే. ముందుగా పైలట్లకు హెచ్చరిక అందింది. వారు కాక్‌పిట్ నుండి తప్పుకోవడంతో విమానం నేలమీదనే నిలిచిపోయింది. కాల్పులు మొదలైనప్పుడు ఆమె ద్వారం తెరిచి ప్రయాణికులను పంపుతూ ప్రాణం విడిచింది. అప్పటికి ఆమెకు 23 ఏళ్ళు కూడా నిండలేదు. భారత ప్రభుత్వం అశోకచక్రతో గౌరవించింది. పాకిస్తాన్ కూడా ఆమెను సత్కరించింది. ఇటువంటి వృత్తిని చులకన చేసిన మా బస్తీ గుసగుసలు తలచుకుంటే మాకు సిగ్గు కలుగుతుంది.

సోదర సోదరీమణులారా! ఇంత శిక్షణనూ, ఇంత క్రమశిక్షణనూ నిష్ఫలం చేయగలిగినది ఒకటున్నది. అది నిద్రలేమి.

2010 మే 22న దుబాయి నుండి మంగళూరుకు వచ్చిన ఎయిరిండియా ఎక్స్‌ప్రెస్ విమానాన్ని మీలో చాలామంది మరచిపోయి ఉండరు. ఉదయం 6 గంటల వేళ అది రన్‌వే దాటి లోయలో పడింది. అందులో ఉన్న 166 మందిలో 158 మంది మరణించారు. 8 మంది మాత్రమే బ్రతికారు. ప్రయాణికులలో అధికులు గల్ఫ్‌లో కష్టించి ఇంటికి తిరిగివస్తున్నవారు. మన నిజామాబాద్, కరీంనగర్, కడప ప్రాంతాల వారి వంటివారే. రాత్రంతా సాగిన ఆ ప్రయాణంలో కెప్టెన్ చాలాసేపు నిద్రపోయాడని విచారణలో తేలింది. గాఢనిద్ర నుండి లేచిన మనిషి బుద్ధి వెంటనే చురుకుగా పనిచేయదు. విమానం ఉండవలసిన ఎత్తుకంటే పైన ఉన్నదని గ్రహించి, దిగకుండా తిరిగి పైకి లేపమని సహపైలట్ మూడుసార్లు హెచ్చరించాడు. కెప్టెన్ దిగడానికే నిశ్చయించాడు.

ఆ కెప్టెన్ కూడా ఆ ప్రమాదంలోనే మరణించాడు. ఆయనను నిందించడం మా ఉద్దేశం కాదు. రెండు పాఠాలు మాత్రం మనకు కావాలి. ఒకటి, చిన్నవాడు చెప్పినా సత్యమైతే పెద్దవాడు వినాలి. మా కార్యాలయాలలో అధికారి పొరపాటును గుమాస్తా ఎత్తిచూపితే కోపం వచ్చేది. అయినా మా పొరపాటును మరునాడు దిద్దుకోవచ్చు, ఆకాశంలో ఆ మరునాడు ఉండదు. రెండు, రాత్రి 2 నుండి ఉదయం 6 వరకు మనిషి శరీరం సహజంగానే మందగిస్తుంది. ఎంత అనుభవజ్ఞుడైనా దీనికి అతీతుడు కాడు. అల్లాహ్ రాత్రిని విశ్రాంతికై చేశాడని మనం విశ్వసిస్తాము. ఆ రాత్రివేళ మన కోసం మేల్కొని ఉండేవారికి పగటి విశ్రాంతినైనా దక్కనివ్వాలి.

ఇది దయాదాక్షిణ్యాల విషయం కాదు, హక్కు. పౌరవిమానయాన డైరెక్టరేట్ 2024 జనవరిలో పైలట్ల పనివేళల నియమాలను సవరించింది. వారానికొకసారి ఇచ్చే విశ్రాంతిని 36 గంటల నుండి 48 గంటలకు పెంచింది. రాత్రి అంటే అర్ధరాత్రి నుండి ఉదయం 6 వరకు అని నిర్వచించింది. రాత్రి విధిలో 6 సార్లకు బదులు 2 సార్లు మాత్రమే విమానం దించవచ్చునన్నది. ఈ నియమాలు న్యాయస్థానం దాకా వెళ్ళి, 2025 జూలైలో కొన్ని, నవంబరులో మిగిలినవి అమలులోకి వచ్చాయి. డిసెంబరు మొదటి వారంలో ఏమి జరిగిందో మీరు చూశారు. దేశంలోని అతిపెద్ద విమానసంస్థకు తగినంతమంది పైలట్లు చాలక వేలాది సర్వీసులు రద్దయ్యాయి. డిసెంబరు 5న ఒక్కరోజే వెయ్యికి పైగా రద్దయ్యాయి. పెళ్ళిళ్ళకు, పరీక్షలకు, ఉమ్రాకు వెళ్ళేవారు విమానాశ్రయాల నేలమీద పడుకున్నారు. ఆ సంస్థకు రాత్రి నియమాలనుండి 2026 ఫిబ్రవరి 10 వరకు తాత్కాలిక మినహాయింపు లభించింది.

ప్రయాణికుల కష్టం నిజమే. కాని ఆ కోపంలో చాలామంది విశ్రాంతి నియమాన్నే తప్పుపట్టారు. మేము దానిని అంగీకరించము. నియమం దాదాపు రెండేళ్ళ ముందే తెలిసినది. సిద్ధం కావలసినది యాజమాన్యం. మన టికెట్ ఆలస్యం కాకూడదని మరొకరి నిద్రను కత్తిరిస్తే చివరకు కోతపడేది మన ప్రాణానికే.

ఈ వృత్తిలో ఏ హక్కూ అడగకుండా రాలేదు. ఒకప్పుడు ఎయిరిండియాలో ఎయిర్ హోస్టెస్ మొదటిసారి గర్భవతి అయితే ఉద్యోగం పోయేది. దానిపై నర్గేష్ మీర్జా తదితరులు పోరాడారు. 1981లో సుప్రీంకోర్టు ఆ నిబంధనను రాజ్యాంగ విరుద్ధమని కొట్టివేసింది. ఆ తీర్పు రాసినవారు జస్టిస్ సయ్యద్ ముర్తజా ఫజల్ అలీ. నాలుగేళ్ళ సర్వీసులోపు వివాహం కూడదన్న నిబంధనను మాత్రం ఆనాడు కోర్టు సమర్థించింది. హక్కులు ఒక్కసారిగా రావు, మెట్టుమెట్టుగా వస్తాయి. మైనారిటీలమైన మనకు ఇది తెలియని విషయం కాదు.

రంజాన్‌లో రోజా పాటిస్తూ విమానం నడపవచ్చునా అని కొందరు యువకులు మమ్మల్ని అడుగుతుంటారు. దివ్య ఖుర్ఆన్ అల్ బఖరా సూరాలో ప్రయాణికునికి సడలింపు ఇచ్చింది. తప్పిన రోజాలను తరువాత పూర్తిచేసుకోమన్నది. వివరాలకు ఉలమాలను సంప్రదించండి. మాకు తెలిసినంతవరకు, ఒకరి ప్రాణం మన చేతిలో ఉన్నప్పుడు అది అమానత్. అమానత్‌ను కాపాడడం కూడా ఇబాదత్‌లో భాగమే.

విద్యార్థులకు ఒక మాట. పైలట్ కావాలంటే ఇంటర్మీడియట్‌లో భౌతికశాస్త్రం, గణితం ఉండాలి. వాణిజ్య లైసెన్సుకు 200 గంటలు విమానం నడిపి ఉండాలి. ఖర్చు లక్షలలో ఉంటుంది. ఇది కలవారికే అని నిరాశపడకండి. హైదరాబాద్ పాతబస్తీలో బేకరీ కార్మికుని కుమార్తె సయ్యిదా సల్వా ఫాతిమా దాతల సాయంతో, ప్రభుత్వ సాయంతో పైలట్ అయింది. ఉద్యోగం ఖాయమని చెప్పి ముందుగా డబ్బు కట్టించుకునే శిక్షణ సంస్థల విషయంలో మాత్రం జాగ్రత్త వహించండి. విమానయాన డైరెక్టరేట్ గుర్తింపు ఉన్నదో లేదో చూసుకోకుండా ఒక్క రూపాయి కట్టవద్దు.

తల్లిదండ్రులకు, పెద్దలకు మా మనవి ఇది. విమానం ఎక్కినప్పుడు భద్రతా సూచనలు చెబుతుంటే ఫోన్ పక్కన పెట్టండి. ఆలస్యానికి ఆ అమ్మాయిపై కేకలు వేయకండి. మీ వీధిలో రాత్రి పనిచేసే నర్సు, డ్రైవరు, విమాన ఉద్యోగి ఎవరున్నా పగలు వారి తలుపు ముందు గొంతు తగ్గించండి. వారి మీద నిందలు వినిపిస్తే, మేము చేసినట్లు మౌనంగా ఉండకండి.

ఆ తండ్రికి మేము క్షమాపణ చెప్పుకున్నాము. మా వీధిలో ఇప్పుడు పగటిపూట మైకు లేదు. ఆ అమ్మాయి ఫజర్ వేళకు తిరిగివస్తే మస్జిదుకు వెళ్ళే పెద్దలు సలాము చేసి కుశలమడుగుతున్నారు. మనందరికీ న్యాయంగా నడుచుకునే బుద్ధిని అల్లాహ్ ప్రసాదించుగాక. ఆమీన్.